ముప్పై తొమ్మిది మంది ఎత్తారు

ఓ పిల్లకి చదువు పూర్తయింది, సంఘసేవికగా ఉద్యోగమూ వచ్చింది. ఏం లాభం? సరిగ్గా అదే వారం మహమ్మారి వచ్చి ఊరంతా మూతపడింది. పాపం, ఆ పిల్ల సేవ చెయ్యాల్సిన సంఘం మొత్తం తలుపులు బిడాయించుకుని కూచుంది! ఆఫీసు వాళ్లు నలభై ఫోన్ నంబర్లున్న జాబితా పంపారు. అందరూ ఒంటరిగా ఉండే ముసలివాళ్లే. రోజూ పొద్దున్నే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తిన్నారా, మందులేసుకున్నారా, జ్వరం, దగ్గు ఉన్నాయా అని అడిగి రాసుకోవాలి. ఇంట్లో ఇస్త్రీ బల్లే ఆమె ఆఫీసు.

"కూచుని కబుర్లు చెబితే జీతమిస్తారుటే?" అని వాళ్లమ్మ దెప్పేది.

కబుర్లట, కబుర్లు! ఆ జాబితాలోని దర్జీ తాతతో ఒక్కపూట మాట్లాడితే తెలిసేది ఆవిడకి. "బతికే ఉన్నాను, ఇంక పెట్టెయ్" అనే మొదలెట్టేవాడు ఆ ముక్కోపి మనిషి. అలాగని నిజంగా పెట్టేస్తే ఊరుకునేవాడా? అరగంట సేపు కుట్టు మిషను మీద చాడీలు చెప్పేవాడు. నాలుగు నెలలయ్యేసరికి, ముఖమైనా చూడని ఆ మనిషంటే ఈ పిల్లకి ప్రాణం.

ఓ రోజు మాటల్లో రెండుసార్లు దగ్గాడు.

"రాయకు తల్లీ! బీరువా సర్దుతున్నా, దుమ్ము. రాశావంటే నన్ను ఆస్పత్రికి ఎత్తుకుపోతారు."

మొహమాటానికి పోయి 'దగ్గు లేదు' అని రాసింది. అదే ఆమె చేసిన తప్పు.

మర్నాడు ఆఫీసు వాళ్లిచ్చిన కొత్త ఫోనుతో అందరికీ చేసింది. ముప్పై తొమ్మిది మంది ఎత్తారు. తాత ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఊహూఁ. ఆఫీసులో పెద్ద మేడంకి చెబితే, "నిన్న బాగానే ఉన్నాడని రాశావుగా?" అంది. దొంగకి తేలు కుట్టినట్టయింది పిల్ల పని. రెండుసార్లు ఎత్తకపోతే ఇంటికి వెళ్లి చూడాలని నియమం. మాస్కు, చేతి తొడుగులు వేసుకుని స్కూటరు తీసింది. దారంతా ఒకటే ఏడుపు. ఆయనకేమైనా అయితే ఈ చేత్తో ఇంకేం రాస్తాను, ఈ ఉద్యోగమే వద్దు అనుకుంది.

రెండో అంతస్తు. బెల్లు లేదు. తలుపు దబదబా బాదింది.

"ఎవరది?" లోపల్నుంచి గయ్యిమన్నాడు.

అబ్బ! ఆ కేక ఎంత చల్లగా తగిలిందో! మెట్ల మీద కూలబడింది.

"నేనే తాతగారూ, ఫోన్ అమ్మాయిని. ఫోనెందుకు ఎత్తలేదండీ?"

"కొత్త నంబర్లు ఎత్తొద్దని, మోసగాళ్లుంటారని పోయిన వారం చెప్పిందెవరు? నువ్వు కాదూ?"

కొత్త ఫోనుతో పాటు నంబరూ మారిందని అప్పుడు తట్టింది పిల్లకి. ఆ మాట నలభై మందికీ చెప్పింది. విన్నవాడు ఈయనొక్కడే!

"మరి దగ్గో?"

"నిన్ననే పోయింది. బీరువా మూశాగా!"

పిల్లకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. తలుపు ఓరగా తెరుచుకుంది. తను కుట్టుకున్న పూల మాస్కులో ఓ బక్కపల్చటి మనిషి. ఆమెని కిందనుంచి పైదాకా చూశాడు.

"ఇంత చిన్నదానివా? తలుపంత గట్టిగా బాదావు!"

"రేపణ్ణించి దగ్గితే రాసేస్తానండీ. ఎంత బతిమాలినా వినను."

"రాసుకో, రాసుకో." గుమ్మంలోనే నిలబడి గొంతు తగ్గించి అన్నాడు. "అమ్మాయ్, నా తలుపు ఎవరైనా కొట్టి నాలుగు నెలలైంది. ఇందాక భయపడి సరిగ్గా వినలేదు. ఇంకోసారి కొడతావా?"

తలుపు వేసుకున్నాడు. ఆమె ఈసారి మెల్లగా కొట్టింది.

"ఎవరమ్మా?"

"నేనే తాతగారూ."