లేని దేశంలో ఏరు

గిద్దలూరు నుంచి కొమరోలు పోయే బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఫోన్‌లో వేలితో ఒక లేని దేశానికి పటం గీస్తోంది.

"సృష్టి దేవుడి పని కదమ్మా," అన్నాను. చర్చిలో వాక్యం చెప్పే నోరు, ఊరుకోలేదు.

"ఆయన మా ఊరికి ఏరు పెట్టడం మర్చిపోయినాడు పెద్దమ్మా, నేను పెడుతున్నా," అని నవ్వింది. "నాయన ఈరోజు మూడో బోరు వేపిస్తున్నాడు. ఇదీ ఫెయిలైతే చేను అమ్మాల్సిందే."

ఆమె గీసిన నీలి ఏరు ఊరూరికీ వంపు తిరిగింది. చివరి ఊరి దగ్గర ఆగి ఫోన్ నా ముందు పెట్టింది.

"ఈ ఊరికి నువ్వు లాగు పెద్దమ్మా."

లాగాను. గీత వంకరపోయినా ఆమె చెరపలేదు.

ఆ బోరులో నీళ్లు పడ్డాయో లేదో తెలియదు. సంఘంలో వానకోసం మోకరించినప్పుడల్లా నా చూపుడువేలు నేలమీద మెల్లగా కదులుతుంది.