లిఫ్టాయన చేసిన థెరమిన్

లిఫ్టులు బాగుచేసేవాళ్ళకి ఒక జబ్బుంటుంది. బాగుచేసినదాన్ని నమ్మరు. పైకి వెళ్ళి, కిందికి వచ్చి, మళ్ళీ పైకి వెళ్ళి, ఎవరైనా ఎక్కబోతే "ఆగండి, ఇంకొక్కసారి చూస్తాను" అంటూ అడ్డం పడతారు. జనం విసిగి మెట్లెక్కి పోతారు. మన లిఫ్టాయనకు ఈ జబ్బు మరీ ముదిరింది. డ్యూటీలో ఉన్నంతవరకు అది కంపెనీ తలనొప్పి. సాయంత్రం అయ్యాక అది ఆయన అక్కకు చుట్టుకుంది.

అక్క వయొలిన్ టీచరు. ఊళ్ళో సగం మంది పిల్లల వేళ్ళు ఆమె స్కేలు దెబ్బ తిన్నవే. నిరుడు పక్షవాతం వచ్చింది. కాలు కోలుకుంది, మాట కోలుకుంది, ముక్కు మీది కోపం అయితే చెక్కు చెదరలేదు. ఎడమచేతి వేళ్ళు మాత్రం మొండికేశాయి. చెయ్యి భుజం నుంచి లేస్తుంది, మోచేయి వంగుతుంది, వేళ్ళు తీగను నొక్కవు. ఆమె ఒకరోజు వయొలిన్ను గుడ్డలో చుట్టి, బీరువా మీద పెట్టించింది. ఆ తర్వాత దాని ఊసెత్తితే ఒంటికాలి మీద లేచేది.

తమ్ముడు తన గదికి తాళం వేసి, పనిముట్ల పెట్టెతో సహా ఆమె ఇంట్లో దిగిపోయాడు. ఆయనకు పెళ్ళి కుదరలేదు, ఆమెకు కుదిరి నిలవలేదు, కాబట్టి అడిగేవాళ్ళు లేరు. ఆమె గ్లాసు అందుకోబోతే ఆయన అందిస్తాడు. కూజా వైపు చూస్తే చాలు, నీళ్ళు పోసేస్తాడు. చెప్పులు తొడుగుతాడు. మాత్ర నోట్లో పెట్టబోయి ఒకసారి కరిపించుకున్నాడు కూడా.

"నాకు చెయ్యి పోయిందిరా, మనిషిని పోలేదు," అంటుందామె.

"ఊరుకో అక్కా, నీకేం తెలుసు," అంటాడాయన, ఇంకో గ్లాసు నింపుతూ.

అలాంటివాడికి ఒక పాత పత్రికలో థెరమిన్ అనే వాద్యం బొమ్మ కనిపించింది. తీగల్లేవు, మీటల్లేవు. ఒక పెట్టె, దాని మీద నిలువుగా ఒక లోహపు కడ్డీ. కడ్డీకి చెయ్యి దగ్గరగా తెస్తే స్వరం పైకి పోతుంది, దూరంగా తీస్తే కిందికి దిగుతుంది. ముట్టుకోనే అక్కర్లేదు. వేళ్ళు లేకపోయినా మోచేయి చాలు! బొమ్మ చూస్తూ లిఫ్టాయన గుడ్లనీరు కుక్కుకున్నాడు. ఆ రాత్రే కాయిల్ చుట్టడం మొదలుపెట్టాడు.

పెట్టె తయారైంది. పాత సొరుగు చెక్క, కర్టెన్ కడ్డీ, పాడైపోయిన రేడియో స్పీకరు. లోపల రెండు సర్క్యూట్లు మన చెవికి అందనంత వేగంగా కంపిస్తుంటాయి, ఆ రెండింటికీ మధ్య తేడానే స్వరమై వినిపిస్తుంది. చెయ్యి దగ్గరికి వస్తే ఒకదాని కంపనం మారిపోతుంది. ఎవరూ దగ్గర లేనప్పుడు రెండూ సమానంగా ఉండాలి, పెట్టె నోరు మూసుకోవాలి. అందుకని ఒక నాబ్ ఉంది. లిఫ్టాయన పెట్టె పక్కనే స్టూలేసుకుని, చెవి ఆనించినంత పని చేసి, ఆ నాబ్‌ను వెంట్రుకవాసి చొప్పున తిప్పి, నిశ్శబ్దం దగ్గర ఆపాడు.

"ఇప్పుడు చెయ్యి పెట్టు అక్కా."

అక్క నమ్మకం లేకుండానే చెయ్యి లేపింది. పెట్టె పాడింది. సన్నగా, తిన్నగా, మనిషి గొంతులా పాడింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. ఆయన "నీళ్ళు తెస్తానుండు" అని సంబరంగా వంటింట్లోకి పరిగెత్తాడు. అంతే, స్వరం పట్టు తప్పి ఎటో జారిపోయింది. ఆమె చెయ్యి దించేసినా పెట్టె మూలుగుతూనే ఉంది. ఆయన గ్లాసుతో పరిగెత్తుకొచ్చి పక్కన కూర్చున్నాడు. మూలుగు ఆగిపోయింది.

ఇక అక్కణ్ణుంచి లిఫ్టాయన తల ప్రాణం తోకకొచ్చింది. అతుకులన్నీ విప్పి మళ్ళీ సోల్డరింగ్ చేశాడు. కరెంటు మానేసి బ్యాటరీ పెట్టాడు. ఫ్రిజ్ దోషమని దాన్ని హాలవతలికి ఈడ్చాడు, ఫ్యాన్ దోషమని ఆపించి అక్కను చెమటలో ముంచాడు. కుళాయికి తీగ కట్టి ఎర్త్ ఇచ్చాడు. బిస్కెట్ల డబ్బా కత్తిరించి లోపల కవచం తొడిగాడు. ప్రతిసారీ స్టూలు మీద మోకాలికి మోకాలు తగిలించుకుని కూర్చుని నాబ్ తిప్పాడు. ప్రతిసారీ పెట్టె బుద్ధిగా ఊరుకుంది. ప్రతిసారీ ఆయన లేవగానే ఏడుపు అందుకుంది.

"నేను చూస్తుంటే బానే ఉంటోంది. కావాలనే చేస్తోందిది, దొంగముండ!" అని పెట్టెను తిట్టాడు.

కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ పైకి వచ్చింది, మెడలో టేపుతో సహా.

"టీచరుగారూ, పిల్లిని ఏమన్నా హింసిస్తున్నారా?"

"నన్ను హింసిస్తున్నాడమ్మా," అంది అక్క.

"అదికాదండీ, అన్నయ్యగారు అటు సంచి పట్టుకుని మెట్లు దిగుతారా, ఇటు మీ ఇంట్లో శోకాలు మొదలవుతాయి. నేను అటో కుట్టు ఇటో కుట్టు వేసేస్తున్నాను."

లిఫ్టాయన ఆ మాట చెవిన పెట్టలేదు. ఆయన అప్పటికే స్పీకరు విప్పుతున్నాడు. అక్క మాత్రం ఆ మాట పట్టుకుని కూర్చుంది.

ఆదివారం మధ్యాహ్నం ఆయన మళ్ళీ సోల్డరింగ్ ఐరన్ వేడిచేస్తుంటే ఆమె ప్లగ్ పీకేసింది.

"ఇక చాల్రా. ఇవాళ మోగితే మోగింది, లేకపోతే దీన్ని కూడా బీరువా మీద పెట్టేయ్. ఏ స్వరం ఎక్కడుందో చెయ్యి పట్టుకునేసరికి అది జారిపోతోంది. ప్రతిసారీ ఆశ పెట్టుకోవడం, పోగొట్టుకోవడం... నావల్ల కావట్లేదు." ఆమె గొంతు జీరపోయింది. జబ్బు చేసినప్పుడు కూడా ఆయన ఆ గొంతు వినలేదు. భయమేసింది.

"ఒక్క కాయిల్ మారుస్తానక్కా, ఒక్కటే..."

"కాయిల్ కాదు. నువ్వు."

"నేనా?"

"చెయ్యి దగ్గరికొస్తే స్వరం మారుతుందని చెప్పిందెవరు? నువ్వేమన్నా చెయ్యి కంటే చిన్నవాడివా? ఇంత మనిషివి పక్కనే కూర్చుని శ్రుతి చేస్తున్నావు. నిన్ను కూడా కలుపుకుని అది సర్దుకుంటోంది. నువ్వు లేవగానే దాని లెక్క తప్పుతోంది."

లిఫ్టాయన పెట్టె వైపు, తన స్టూలు వైపు చూశాడు. అక్క చేతిని లెక్కలోకి తీసుకున్నాడు, ఫ్రిజ్‌ను తీసుకున్నాడు, ఫ్యాన్‌ను తీసుకున్నాడు. తనను తీసుకోలేదు. మొహం మాడిపోయింది.

"అయితే దూరంగా నిలబడతాను. కానీ నాబ్ ఎవరు తిప్పుతారు?"

"నాకు కుడిచెయ్యుంది."

"అది చాలా సున్నితం అక్కా, కొంచెం ఎక్కువ తిప్పావంటే..."

"నలభై ఏళ్ళు వయొలిన్ శ్రుతి చేశాన్రా నేను! బయటికి నడు. గదిలో కాదు, గుమ్మం అవతలికి."

ఆయన వెళ్ళి గుమ్మం ముందు మెట్ల మీద కూర్చున్నాడు. తలుపు మూసుకుంది. లోపల పెట్టె గట్టిగా కేకపెట్టింది, మూలిగింది, ఇంకా లోతుకు దిగి గరగరలాడింది. "ఎక్కువ తిప్పేసింది" అనుకుంటూ ఆయన లేచి గడియ మీద చెయ్యి వేశాడు.

"లేచావంటే ఊరుకోను!" అని లోపలినుంచి అరుపు వినిపించింది. ఎలా తెలిసిందో ఏమో. వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

గరగర సన్నబడింది, ఆగిపోయింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక స్వరం లేచింది. కాస్త వణికి నిలబడింది. దాని మీద ఇంకొకటి. చిన్నపిల్లలకు మొదటిరోజు నేర్పే స్వరాలే, మెట్టు తర్వాత మెట్టు. ఒకటి తప్పింది. ఆమె "ఊహూఁ" అని తనను తానే కసిరి, అక్కణ్ణుంచే మళ్ళీ మొదలుపెట్టింది. లిఫ్టాయన అరచేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, లేకపోతే అవి ఊరుకునేలా లేవు.

కుట్టావిడ మెట్లెక్కి వచ్చి, ఆయన్ను చూసి ఆగింది. "ఏంటన్నయ్యగారూ, బయట కూర్చున్నారు?"

"నేనిక్కడుంటేనే బాగుంటుందటమ్మా," అన్నాడాయన. ఉక్రోషంగానే అన్నాడు.

లోపల పాట ఆగింది. ఆయన ఆగలేక కేకేశాడు. "అక్కా! నీళ్ళు కావాలా?"

"పోసుకుంటాను."

కూజా ఎత్తిన చప్పుడు. గ్లాసు జారి నేలమీద దొర్లిన చప్పుడు. ఆయన సగం లేచాడు. కుట్టావిడ ఆయన వైపే చూస్తోంది. మళ్ళీ కూర్చున్నాడు. గ్లాసు బల్ల మీదికి చేరిన చప్పుడు, నీళ్ళు పడుతున్న చప్పుడు, నిదానంగా, అంచు దాకా. కాసేపటికి స్వరం ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచే మొదలైంది.