టికెట్ లేని స్టేజీలు

కండక్టర్ మావయ్యకి టికెట్ అంటే గిట్టదు. ముప్ఫై ఏళ్ళు బస్సులో నిలబడి ఊరందరికీ టికెట్లు కొట్టిన మనిషి, రిటైరయ్యాక టికెట్ పెట్టిన ఏ చోటా అడుగు పెట్టనని భీష్మించుకు కూర్చున్నాడు. సముద్రం ఒడ్డునున్న ఆ చిన్న ఊళ్ళో ఎవరింటికి చుట్టాలొచ్చినా ఊరు చూపించేది ఆయనే. పైసా ఖర్చుండదు. కాకపోతే ఆయన "హోల్డాన్" అన్న చోటల్లా ఆగాలి, "రైట్ రైట్" అంటే కదలాలి.

ఊరంతా నవ్వుకునేది గానీ, ఆయన మేనకోడలికి మాత్రం ఆ వారం నవ్వు రాలేదు. బజారులో ఆమెకి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. నానా తంటాలు పడి నిలబెట్టుకుంది. అత్తగారేమో, ఆ ఊళ్ళో ఏముందని పడున్నారు, మా దగ్గరికి వచ్చెయ్యండి అని పోరు పెట్టి, బ్యాంకులో పనిచేసే కొడుకు చేత బదిలీ అర్జీ కూడా రాయించింది. ముందు వచ్చి ఊరు చూడమ్మా, ఆ తర్వాత నువ్వెలా అంటే అలా అన్నాడు కొడుకు. అంటే దుకాణం ఉంటుందో మూతపడుతుందో అత్తగారి రెండు రోజుల షికారు తేల్చాలి.

ఆవిడ బస్సు దిగింది. సంచీ అందుకుని ఇంటిదాకా దిగబెట్టింది మావయ్యే.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. పడవ షికారుకీ, మేడ మీదున్న చేపల మ్యూజియానికీ, లైట్‌హౌస్‌కీ మేనకోడలు కొని ఉంచిన టికెట్లు చూసి, తేలుని చూసినట్టు వెనక్కి జరిగాడు.

"సముద్రానికి గేటుందా అమ్మాయ్? మరి టికెట్టెందుకు?" అన్నాడు.

ఆమె బతిమాలింది, బెదిరించింది. ఆయన ఆ మాటలు చెవిన పెట్టకుండా అత్తగారి వైపు తిరిగి, "వదినగారూ, రైట్ రైట్" అన్నాడు. ఆవిడ ఏ కళనుందో, వెంటనే బయల్దేరింది. మేనకోడలూ వాళ్ళ వెంట నడిచింది.

మొదటి స్టేజీ చేపల వేలం. షెడ్డు కింద బల్ల మీద కూర్చోబెట్టి, పాట పాడేవాళ్ళ గొంతులన్నీ తనే అనుకరించి చూపించాడు. రెండోది వలలు బాగుచేసే చోటు. అక్కడా హోల్డాన్, అక్కడా కుర్చీ. మూడోది లైట్‌హౌస్ నీడ.

"పైకెక్కితే సముద్రం ఒక్కటే కనబడుతుంది వదినగారూ. ఇక్కణ్ణుంచైతే సముద్రమూ కనబడుతుంది, లైట్‌హౌసూ కనబడుతుంది" అన్నాడు.

మేనకోడలు తల పట్టుకుంది. నడిచింది ఫర్లాంగు, కూర్చున్నది మూడు గంటలు. దుకాణానికి తాళం పడ్డట్టే అనుకుంది.

ఇంటికొచ్చాక అత్తగారు వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. అర్జీ సంగతే అనుకుంది కోడలు.

"నా మోకాళ్ళు పోయి ఏడాదైంది. అబ్బాయికి తెలిస్తే గడప దాటనివ్వడని చెప్పలేదు. నీ టికెట్లు చూసి, ఆ మెట్లన్నీ ఎలా ఎక్కాలా అని హడలిపోయాను. మీ మావయ్యకి నువ్వు చెప్పావా?"

"నాకే తెలీదు అత్తయ్యగారూ."

ఆమె వసారాలోకి వెళ్ళి మావయ్యని నిలదీసింది. ఆయన చెప్పుల్లో ఇసుక దులుపుకుంటున్నాడు.

"ముప్ఫై ఏళ్ళు ఫుట్‌బోర్డు దగ్గర నిలబడ్డవాణ్ణి. మనిషి బస్సు దిగే తీరు చూస్తే కాళ్ళ సంగతి తెలిసిపోతుంది. నిన్న ఆవిడ రెండు చేతులతో కడ్డీ పట్టుకుని దిగింది. అందుకే మెట్లు లేని స్టేజీలు వేశాను. ఎవరితోనూ అనకు, చిన్నబుచ్చుకుంటుంది."

కిందటేడు దుకాణం పక్క టైలర్ గారింటికి వచ్చిన వాళ్ళ నాన్నని లైట్‌హౌస్ ఎక్కనివ్వకుండా ఈయన గేటు దగ్గర అంత రభస ఎందుకు చేశాడో ఆమెకి అప్పుడు తట్టింది. ఆ పెద్దాయనకి ఆయాసం. ఆ రోజు ఊరంతా మావయ్యని పిసినారి అంది, ఆమెతో సహా.

భోజనాల దగ్గర అత్తగారు కొడుకుతో, "ఆ అర్జీ వెనక్కి తీసుకో. ఈ ఊరు నాకు బాగుంది" అంది. తర్వాత కోడలి వైపు తిరిగి, "రేపు మీ మావయ్య నన్నెక్కడ కూర్చోబెడతాడో కనుక్కో" అంది.

మేనకోడలు హమ్మయ్య అనుకుంది. మర్నాడు అత్తగారిని మావయ్యకి అప్పజెప్పి, నిశ్చింతగా వెళ్ళి దుకాణం తెరిచింది.