ఓబుళరెడ్డి నల్లద్రాక్ష

పులివెందుల దగ్గర వైన్ ద్రాక్ష సాగుచేసే ఓబుళరెడ్డి తెల్లారగానే తోటలోకి పోయి ఒక కాయ నోట్లో వేసుకుంటాడు. తోలు నమిలి, గింజను అరచేతిలోకి ఉమ్మి రంగు చూస్తాడు. గింజ గోధుమరంగుకు తిరిగితే కోతకొచ్చినట్టు. ఆయన తోటలో పండే రెండు రకాల నల్లద్రాక్షనూ కలిపి, తీపి మిగలకుండా పులియబెట్టి కంపెనీవాళ్లు ఎర్ర వైన్ చేస్తారు. ఆయన మాత్రం చుక్క ముట్టడు. ఎవరినైనా ఒకటి అడగాలన్నా ఆయనకు ప్రాణం చచ్చిపోతుంది.

ఈసారి సరిగ్గా కోతకు ముందు వదలని ముసురు పట్టింది. కాయలు పగిలి బూజెక్కాయి. ఇక కాయ ఎత్తుకుపోయే కంపెనీ లారీ రాదని తెలిసి, ఆయన గంప నింపుకొని కంపెనీ తరఫున కాయ కొనే ప్రవీణ్ ఇంటికి పోయాడు.

"చెడిపోలేదప్పా. చూడు, నేనే తింటాండా," అంటూ గుప్పెడు నోట్లో పోసుకున్నాడు.

"తినేదానికి కాదు గదా మామా. బూజు కాయ కలిస్తే వైనంతా పాడైతాది."

ఓబుళరెడ్డి వినలేదు. గింజలు ఉమ్మకుండా, కుళ్లినవి ఏరకుండా తింటూనే ఉన్నాడు. రసం గడ్డం మీదుగా చొక్కా మీదికి కారింది. చివరికి ప్రవీణ్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"చాలు మామా. నీకు దండం పెడతా."

తిరిగొచ్చేసరికి భార్య వెంకటరమణమ్మ తోటలో గుత్తులు కోసి కింద పారేస్తోంది.

"కొనేవాళ్లే లేరు, ఎందుకు కోస్తాండావు మే?"

"ఉంచితే బూజు తీగెకు పాకుతాది. పై ఏటికి తీగెలన్నా మిగలాల గదా," అంది, తల తిప్పకుండా.

ఆయన కత్తెర తీసుకుని పక్క సాలులో నిలబడ్డాడు. మొదటి గుత్తి కోయడానికి చాలాసేపు పట్టింది.