పై మెట్టు మీద హార్మోనియం

చదవక పరీక్ష పోగొట్టుకున్నవాళ్లు ఊరి నిండా ఉంటారు. చదివీ పోగొట్టుకున్నవాళ్లు వీధికి ఇద్దరైనా ఉంటారు. చదివినదాన్ని తీసుకెళ్లి ఇంటి ఓనరు మీద ప్రయోగించి, ఆ ప్రయోగం చేతిలో పరీక్ష పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం నాకు తెలిసి నేనొక్కణ్ణే. ఈ ఘనకార్యాన్ని మా అమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ కాఫీతోపాటు అందిస్తోంది. ఆవిడ నోట వినేకంటే నా నోటే వినండి. నేనైతే నా తరఫున రెండు మంచి మాటలు కలుపుకుంటాను.

అప్పుడు నేను టీచరు ఉద్యోగాల పరీక్షకి చదువుతున్నాను. అందులో సైకాలజీ అని ఒక భాగం ఉంటుంది. మనిషి ఉయ్యాలలో పడ్డ దగ్గర్నుంచి పాడె ఎక్కేదాకా ఏ వయసులో ఎలా ఉంటాడు, ఏ పని ఎందుకు చేస్తాడు అన్నదంతా అందులో దశలవారీగా ఉంటుంది. దాన్ని చదివినవాడికి మొదటి నెలలోనే ఒక జబ్బు పట్టుకుంటుంది. కనబడిన ప్రతివాణ్ణీ ఏదో ఒక దశలోకి తోసి తలుపు గడియ పెట్టేస్తాడు. మా అమ్మ కూరగాయల బండి దగ్గర బేరమాడుతుంటే పక్కన నిలబడి, అది బేరం కాదనీ, భద్రత కోసం మనిషి పడే తాపత్రయమనీ వివరించాను. బండివాడు జాలిగా నాకేసి చూసి అమ్మకి ఒక కట్ట కొత్తిమీర ఊరికే ఇచ్చాడు.

అమ్మ మాత్రం జాలిపడలేదు. "నా భద్రత సంగతి తర్వాత గానీ, ఈసారి ఉద్యోగం రాకపోతే కలిదిండిలో మీ మావయ్య రొయ్యల చెరువు మీదికి పోవడమే. చెప్పాను, వాడు సరేనన్నాడు" అంది.

రొయ్యల మీద నాకు వ్యక్తిగతంగా కోపం లేదు. వేపుడుగా కలిసినప్పుడు చాలా మర్యాదగా ఉంటాయి. కానీ చెరువు గట్టున రేకుల షెడ్డులో కూర్చుని, నీళ్లలో గాలి కలిపే చక్రాలు తిరుగుతున్నాయా లేదా అని చూస్తూ వయోజన దశ అంతా వెళ్లదీయడం నా ఆశయం కాదు. కాబట్టి ఎలాగైనా చదవాలి. చదవాలంటే నిద్ర ఉండాలి. నిద్రకి అడ్డం ప్రకాశరావు గారు.

ప్రకాశరావు గారు మా ఓనరు. విజయవాడ భవానీపురంలో కింద వాటా మాది, పైన వాళ్లది. ఇబ్రహీంపట్నం కరెంటు ప్లాంటులో బాయిలర్ల పక్కన ఉద్యోగం మొదలుపెట్టి, బాయిలర్ల పక్కనే రిటైరయ్యారు. ఆ హోరులో అన్నేళ్లు ఉండడం వల్ల చెవులు కాస్త మందగించాయి, గొంతు మాత్రం బాయిలరుకి దీటుగా ఎదిగింది. ఆయన "ఉప్పందుకో" అంటే పక్కింటివాళ్లు ఉప్పు తెచ్చి ఇచ్చిన సందర్భం ఉంది. రిటైరయ్యాక ఆయన చర్చిలో పాటల బృందంలో చేరారు. పాస్టరు గారు లోకజ్ఞానం ఉన్న మనిషి, ఆఖరి వరసలో, మైకుకి వీలైనంత దూరంగా నిలబెట్టారు. ఆ లోటు తీర్చుకోవడానికి ప్రకాశరావు గారు రోజూ తెల్లవారుజామున హార్మోనియం ముందేసుకుని సాధన మొదలుపెట్టేవారు. ఆయన పాడేది దేవుడి కోసమే. కానీ దేవుడు పైనున్నాడు, నేను కింద వాటాలో ఉన్నాను. ముందు నేనే దొరికేవాణ్ణి.

వెళ్లి చెప్పొచ్చు కదా అంటారు. అమ్మ వెళ్లనివ్వలేదు. "బంగారం లాంటి మనుషులురా. మనం దిగిన దగ్గర్నుంచి అద్దె పెంచలేదు. గొంతు పెంచుకుంటే పెంచుకోనీ" అంది.

మా సిలబస్‌లో మనిషి అవసరాలన్నీ ఒక పిరమిడ్‌లా గీసి ఉంటాయి. అన్నిటికన్నా కింద తిండి, నిద్ర. అన్నిటికన్నా పైన తనలోని కళని తాను వెలికి తీసుకోవడం. ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకు మా ఇల్లే కనిపించేది. పై వాటాలో కళ వెలికి వస్తుంటే కింద వాటాలో నిద్ర చచ్చిపోయేది. పైగా అరవై దాటినవాళ్లు గడిచిన జీవితాన్ని నెమరేసుకుంటూ తృప్తిగా కూర్చోవాలని పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంది. ఈయన సిలబస్ చదవలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రేరణ అనే పాఠానికి వచ్చాను. అందులో ఒక చోటికి వచ్చేసరికి నాకు గుండె ఆగినంత పనైంది. మనిషి ఏదైనా పనిని కేవలం ఇష్టంతో చేస్తున్నాడనుకోండి. దానికి బహుమతులివ్వడం మొదలుపెట్టి, అలవాటు చేసి, ఉన్నట్టుండి ఆపేస్తే ఇష్టం కూడా చచ్చిపోతుందట. మొదట ఇష్టం కోసం చేసినవాడు తర్వాత బహుమతి కోసం చేస్తాడు, అది పోగానే పనే మానేస్తాడు. పుస్తకం రాసినవాళ్లు ఇది జరగకూడదని హెచ్చరించారు. నేను దాన్ని మందుచీటీలా చదువుకున్నాను.

బహుమతికి లోటు లేదు. బందరులో ఉన్న మా పెద్దమ్మ అప్పుడే ఒక పెద్ద డబ్బా నిండా లడ్లు పంపింది. బందరు లడ్డు సంగతి మీకు చెప్పక్కర్లేదు. నేతిలో మునిగి తేలిన ఆ పదార్థం ముందు ఎంతటి అంతర్గత ప్రేరణైనా కరిగి కారిపోవాల్సిందే.

మర్నాడు పొద్దున్న పాట పూర్తవగానే చిన్న స్టీలు డబ్బాలో నాలుగు లడ్లు పెట్టుకుని మేడ ఎక్కాను. ప్రకాశరావు గారు హార్మోనియం మూత పెడుతూ తలెత్తి, గొడవకి వచ్చానేమోనని కాస్త బెదురుగా చూశారు.

"మీ పాట వింటూ చదువుకుంటున్నానండీ. చాలా బాగుంది. ఇవి మీ పాటకి" అన్నాను, సైకాలజీ నేర్పిన నిబ్బరంతో.

ఆయన రెండు చేతులా డబ్బా అందుకుని హార్మోనియం మీద పెట్టారు. తర్వాత, "మీరు కింద నుంచి విన్నారా మాస్టారూ?" అన్నారు. ఉద్యోగం రాకముందే నన్ను మాస్టారూ అని పిలిచే మనిషి లోకంలో ఆయనొక్కరే.

విన్నానన్నాను. ఈ జవాబులో అబద్ధం లేదు.

అలా రోజూ డబ్బా నిండా వెళ్లేది, ఖాళీగా కడిగి తిరిగొచ్చేది. ఒక్క మనిషి ఇన్ని లడ్లు తింటున్నాడంటే బహుమతి ఒంటికి బాగా పడుతోందని సంబరపడ్డాను. లడ్లు తరిగిపోతుంటే అమ్మ నన్ను అనుమానించి, తిండి తగ్గించుకోమని హితబోధ చేసింది. చదువు కోసం మనిషి ఎన్ని నిందలైనా మోస్తాడు.

ఇంతలో పైన వాతావరణం మారింది. పాల ప్యాకెట్లు వేసే ఆయన సైకిలు మా గేటుకి ఆనించి మేడ ఎక్కడం కనిపించింది. ఎదురింటి వాచ్‌మన్ ఎక్కాడు. ఇస్త్రీ బండాయన మా మేడమెట్ల మీద కూర్చుని తాళం వేస్తున్నాడు. పాట వినడానికి జనం రావడమేమిటని ఆశ్చర్యపోయాను గానీ, విజయవాడలో ఎక్కడ నలుగురు నిలబడినా ఐదోవాడు వస్తాడని సరిపెట్టుకున్నాను. పోనీలే పాపమని పాత చీర ఇస్తే పెరట్లోకి వెళ్లి మూర వేసి చూసుకుందట వెనకటికి ఒకావిడ. మా ఓనరు గారు అంతకన్నా నయం, ఒక మైకూ, స్పీకరూ కొనుక్కొచ్చారు.

ఆ రోజు గేటు దగ్గర సుగుణమ్మ ఆంటీ నన్ను పట్టుకున్నారు. ఆంటీ ప్రకాశరావు గారి భార్య. ఆయన హార్మోనియం తీసే వేళకి ఆవిడ రోజూ కృష్ణ ఒడ్డుకి నడకకి వెళ్తారు. ఒంటికి మంచిదని వెళ్తున్నారనుకునేవాణ్ణి.

"శీనూ, ఆయన పాటని మెచ్చుకుంది నువ్వేనా?" అన్నారు.

"ఏదో రెండు మాటలు, ఆంటీ."

"పెళ్లయిన దగ్గర్నుంచీ మేమెవ్వరం మెచ్చుకోకుండా నెట్టుకొచ్చాం బాబూ. పిల్లలకీ అదే నేర్పాను. చర్చి మొత్తం సహకరించింది. నువ్వొచ్చి ఒక్క వారంలో పాడు చేశావు." ఆవిడ గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "పండక్కి ఒక్కరే పాడతానని పాస్టరు గారిని అడిగారంట. ఆ మైకు వచ్చాక కృష్ణ ఘాటు దాకా వినపడుతున్నారు. ఇక నేను ఎంత దూరం నడవను?"

"ఇంకొన్ని రోజులు ఓపిక పట్టండి ఆంటీ. ఆయనే మానేస్తారు" అన్నాను, ఆపరేషన్ థియేటర్ నుంచి బయటికొచ్చిన డాక్టరులా. ఆవిడ నన్ను పైకీ కిందికీ చూసి, నాకు చదువు ఎక్కువై ఏదో అయిందని నిర్ణయించుకుని లోపలికి వెళ్లిపోయారు.

పరీక్ష దగ్గరపడింది. ముహూర్తం చూసి లడ్లు ఆపేశాను. మెచ్చుకోలు ఆపేశాను. మేడ ఎక్కడమే మానేశాను. మొదటి రోజు ఆయన పాట మధ్యలో ఆగి ఆగి సాగింది. రెండో రోజు ఇంకా ముందుగా ముగిసింది. మేడమెట్ల మీద ఒక్కడూ లేడు. మూడో రోజు అసలు హార్మోనియమే వినపడలేదు. దుప్పటి గడ్డం దాకా లాక్కుని, ఆ పుస్తకం రాసినవాళ్ల పాదాలకి మనసులోనే మొక్కాను.

మొక్కుతుండగానే తలుపు చప్పుడైంది.

తీసి చూస్తే ప్రకాశరావు గారు. ఒక భుజాన హార్మోనియం, ఇంకో చేతిలో స్పీకరు, వెనకాల నేల మీద పాములా వైరు.

"ఒంట్లో బాగాలేదా మాస్టారూ? పైకి రావట్లేదు" అన్నారు.

చదువు ఎక్కువగా ఉందనీ, టైము దొరకట్లేదనీ, పరీక్ష అనీ నసిగాను.

"అదే అనుకున్నా. మీరు చదువు మానుకుని మెట్లెక్కడం ఎందుకండీ? నేనే కిందికి వస్తాను. మీ వరండాలో కూర్చుంటా. మీరు చదువుకోండి, నేను పాడుతుంటాను. ప్లగ్గు ఎక్కడుందమ్మా?"

ఆ చివరి మాట మా అమ్మతో. అమ్మ ప్లగ్గు చూపించింది. కన్నతల్లి.

ఆనాటి నుంచి పరీక్ష రోజు దాకా నా మంచానికీ ఆ స్పీకరుకీ మధ్య ఒక్క కిటికీ తలుపు మాత్రమే ఉంది, దానికి గడియ లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు. నా విషయంలో రోకలి తాళం కూడా తప్పింది.

పరీక్ష రాశాను. సైకాలజీలో ఒక బిట్టు వచ్చింది. ఇష్టంగా బొమ్మలు వేసే పిల్లవాడికి ప్రతి బొమ్మకీ బహుమతి ఇచ్చి, తర్వాత ఆపేస్తే అతని ఆసక్తి ఏమవుతుంది? తగ్గును. పెరుగును. మారదు. చెప్పలేము.

పుస్తకంలో ఏముందో నాకు తెలుసు. తోటివాళ్లందరూ ఏం పెడతారో తెలుసు. కానీ వాళ్లెవరూ మా వరండా పక్కన నిద్ర లేవలేదు. అక్షరం నేర్చుకున్నవాడికి పుస్తకం గొప్పదా, అనుభవం గొప్పదా? నిజం వైపు నిలబడాలని నాకు ఆ క్షణాన ఒక పాడు ఆవేశం వచ్చింది. 'పెరుగును' మీద నొక్కి, ఛాతీ కాస్త ముందుకు పెట్టి బయటికొచ్చాను.

'కీ' వచ్చింది. తగ్గును. తర్వాత మార్కులొచ్చాయి. ఉద్యోగానికీ నాకూ మధ్య సరిగ్గా ఆ ఒక్క బిట్టే ఉంది.

అమ్మ కలిదిండికి ఫోను చేయడానికి లేచింది. నేను ఆగమన్నాను. 'కీ' మీద అభ్యంతరం పెట్టొచ్చు, ఆధారం జతచేస్తే చాలు. నా దగ్గరున్నంత ఆధారం రాష్ట్రంలో ఎవరి దగ్గర ఉంది? ఒక తెల్లకాగితం తీసుకుని మేడ ఎక్కాను. బహుమతులు ఆగిపోయాక తన ఆసక్తి పెరిగిందని ప్రకాశరావు గారు ఒక్క వాక్యం రాసి సంతకం పెడితే నా బతుకు గట్టెక్కుతుంది.

ఆయన సంగతంతా శ్రద్ధగా విన్నారు. ఏ బిట్టో అడిగారు. చెప్పాను.

"తగ్గుతుంది కదా మాస్టారూ" అన్నారు.

"మీకు తగ్గలేదు కదండీ?"

"నాకు ఎవరిచ్చారండీ బహుమతి?"

"మరి లడ్లు?"

"నాకు షుగరు కదా, నేనెక్కడ తింటాను? వినడానికి వచ్చినవాళ్లకి పెట్టేవాణ్ణి. పాలాయన, వాచ్‌మన్, ఇస్త్రీ అతను... ఎంత ఇష్టంగా వినేవాళ్లో. మీరు లడ్లు ఆపారు, వాళ్లు రావడం ఆపేశారు. తగ్గుతుంది మాస్టారూ, కళ్లారా చూశాను." ఆయన జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించారు. "అప్పుడు తెలిసింది, నిజంగా పాట కోసం వచ్చేది మీరొక్కరేనని. అందుకేగా కిందికి దిగింది."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆయన నా మొహం చూసి, బాధ పోవడానికన్నట్టు హార్మోనియం మూత తీశారు. ఆ పూట పాట మొత్తం విన్నాను, లేవడానికి మొహం చెల్లక. ఆఖర్న "బాగుందండీ" అని కూడా అన్నాను. ఆంటీ ఆ మాట వంటింట్లోంచి విని పళ్లెం కింద పడేశారు.

ప్రస్తుతం ఇది కలిదిండిలో చెరువు గట్టున కూర్చుని రాస్తున్నాను. చక్రాలు తిరుగుతున్నాయి. మావయ్య వచ్చి రొయ్యలు ఏ దశలో ఉన్నాయని అడిగితే, ఆ మాట ఇంకొక్కసారి ఎత్తవద్దని కోరాను. కాబట్టి కొల్లేటి గాలి సాక్షిగా, ఉప్పునీటి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో ఇక ఏ ప్రాణి ఏ పని ఎందుకు చేస్తోందో కనిపెట్టను. ఎవరి ఇష్టాన్నీ పెంచను, తుంచను. ఎవరైనా పాడుతుంటే మా పూర్వీకులంతా చేసినట్టే చెవిలో దూది పెట్టుకుని, అటు తిరిగి పడుకుంటాను. రొయ్యలకి మేత మాత్రం వేళకి వేస్తాను. అవి దాన్ని బహుమతి అనుకుంటే బాధ్యత నాది కాదు.