వాము మీద ఫోను

మొన్న ఉదయం మా మనవరాలు కాఫీ తాగుతూనే తన ఫోనును ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చేసుకుంది. నంబరు పాతదేనట, కంపెనీ మాత్రం వేరట. అది మన దేశం వాళ్ళదా, బయటివాళ్ళదా అని అడిగితే, "ఏమో అమ్మమ్మా, సిగ్నల్ బాగుంటుంది" అంది. పక్కన పేపరు చదువుతున్న మా ఆయన తల ఎత్తలేదు. ఒకప్పుడైతే నా ప్రశ్నకు ఆయన గంటసేపు జవాబు చెప్పేవారు.

ఆయన గుంటూరులో ప్రభుత్వ టెలిఫోన్ల ఉద్యోగి. సెల్‌ఫోన్లు పల్లెలకు పాకుతున్న రోజుల్లో, విదేశీ కంపెనీలను ఈ వ్యాపారంలోకి రానివ్వకూడదని సభల్లో గట్టిగా మాట్లాడేవారు. లాభమున్న చోట టవర్లు వేసుకుని పల్లెల్ని గాలికొదిలేస్తారనీ, రేపు మన నోటి మాటకు కూడా వాళ్ళ దయ మీద ఆధారపడాలనీ ఆయన వాదన. అందులో నిజం లేకపోలేదు. మా పుట్టింట్లో భోజనాల దగ్గర కూడా అదే ప్రసంగం. దాచేపల్లికి తూర్పున మిరప, పత్తి పండించుకునే మా నాన్న కంచంలో చెయ్యి ఆపి మరీ వినేవాడు. చదువుకున్న అల్లుడు తనతో అంతసేపు మాట్లాడటమే ఆయనకు గొప్ప.

తీరా చూస్తే, పల్లెల్ని వదిలేస్తుందన్న ఆ విదేశీ వాటాల కంపెనీయే మా ఊరి పొలిమేరలో ముందుగా టవరు నిలబెట్టింది. ప్రభుత్వ ఫోను మా కళ్లం దగ్గర అందేది కాదు. నాన్న గడ్డివాము ఎక్కి, ఒక చెవి మూసుకుని అరిచేవాడు. "ఏరా, ఫోనులో మాట్లాడుతున్నావా, గుంటూరుకే కేకేస్తున్నావా?" అని తోటి రైతులు ఆటపట్టించేవారు. కొత్త కంపెనీది తీసుకోమంటే మాత్రం వినేవాడు కాదు. "అల్లుడుగారు గుమ్మంలోకొస్తే ఆ ఫోను చేత్తో పట్టుకుని ఎదురెళ్ళమంటావా?" అనేవాడు. అల్లుడి మర్యాదంటే మావైపు పిండివంటలతో సరిపోయేది కాదు మరి.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టయ్యేది. ఎందుకంటే ఆ కొత్త కంపెనీ ఫోను మా ఇంట్లో అప్పటికే ఉంది. డ్యూటీ మీద తిరిగే ఊళ్ళలో తమది పలకడం లేదని మా ఆయనే తెచ్చుకున్నారు. పుట్టింటికి వెళ్ళినప్పుడు అది నా హ్యాండ్‌బ్యాగులో, చేతిరుమాలు చుట్టుకుని, నోరు మూసుకుని పడుండేది. దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మా పెదనాన్నగారి అబ్బాయికి తప్ప మావాళ్ళలో ఎవరికీ ఆ నంబరు తెలియదు.

ఆ ఏడు మిరపకాయ నిగనిగలాడుతూ వచ్చింది. ఏడాది కష్టమంతా కళ్లంలో ఆరబోసి, అమ్మా నాన్నా అక్కడే కాపలా ఉన్నారు. పైన కప్పే పట్టాలు మాత్రం ఇంట్లో ఉన్నాయి. ఒక మధ్యాహ్నం గుంటూరులో మా ఇంట్లో ఆ రెండో ఫోను మోగింది. ఫ్యాక్టరీలో పనిచేసే ఆ అన్నయ్యే. "బావగారూ, ఇక్కడ కుండపోత. మబ్బు అటే వస్తోంది. బాబాయి ఫోను కలవట్లేదు, పట్టాలు తెప్పించుకోమని చెప్పండి" అన్నాడు. మా ఆయన ఆ ఫోనుతో, ఈ ఫోనుతో, మార్చి మార్చి చేశారు. అందుబాటులో లేరన్న మాటే వినిపించింది. తాళం వేసిన ఇంట్లో ల్యాండ్‌లైను మోగి మోగి ఊరుకుంది. ఊళ్ళో ఇంకెవరి నంబరూ మా దగ్గర లేదు. ఊళ్ళో మిగతా రైతులకు వాళ్ళ వాళ్ళ చుట్టాలు ఫోన్లు చేశారు, వాళ్ళ కాయ పట్టాల కిందికి చేరింది. మా కళ్లం ఊరికి దూరంగా వాగు పక్కన. నాన్న మబ్బును చూసి ట్రాక్టరు పంపేసరికి చినుకు మొదలైందట.

మర్నాడు మేము వెళ్ళేసరికి ఎర్రటి కాయ నల్లటి నీళ్ళలో నాని ఉంది. అమ్మ గట్టు మీద కూర్చుని కాయలు ఏరుతోంది. నలుగురూ పరామర్శకు చేరారు. అన్నయ్య, పాపం, ఏ పాపమూ ఎరగకుండా, "బావగారి ఇంకో ఫోనుకు చేస్తే మొదటి రింగుకే ఎత్తారు బాబాయ్, నీకే కలవలేదు" అన్నాడు. నా బ్యాగు భుజాన వేలాడుతోంది. మా ఆయన కళ్లం వైపు చూస్తూ నిలబడిపోయారు. సిగ్గంటే ఏమిటో నాకు ఆ క్షణం తెలిసింది, భూమి చీలితే బాగుండునని నిజంగానే అనిపించింది.

నాన్న మా ఇద్దరి వంకా ఒకసారి చూశాడు. తర్వాత అన్నయ్యతో, "ఉద్యోగస్తులకు రెండు ఫోనులు ఉంటాయిలేరా. వచ్చే వాన వచ్చింది, దానికి ఫోనేం చేస్తుంది?" అన్నాడు. నా వైపు తిరిగి, "అమ్మాయ్, అల్లుడుగారు బురదలో నిలబడ్డారు, కాళ్ళకు నీళ్ళివ్వు" అన్నాడు. చెంబు తెచ్చి నీళ్ళు పోస్తే, మా ఆయన వంగి బురద కడుక్కున్నారు. ఆయన ఆ తర్వాత మా పుట్టింట్లో ఆ ప్రసంగం ఎప్పుడూ చెయ్యలేదు. కాయలో సగం తెల్లబడి తాలయింది.

నాన్న పోయేదాకా అదే ఫోను వాడాడు. ఎంత చెప్పినా మార్చలేదు. పరాయి కంపెనీలు రావాలా వద్దా అంటే నాకు ఈనాటికీ తెలియదు. రాకపోతే మా ఊళ్ళో మిగతావాళ్ళ కాయ కూడా తడిసేది. వచ్చాక ఎన్ని కంపెనీలు మూతపడ్డాయో, మిగిలినవాళ్ళు చెప్పిందే ధర ఎలా అయిందో కూడా చూశాను. మా వాదనలన్నిట్లోనూ లేనిది ఒక్కటే, నాన్నకు ఏది కావాలో మేమెవరమూ అడగలేదు.

ఇప్పుడు ఒకరి ముఖం చూసి ఎవరూ ఫోను కొనరు. అది మంచిదే కాబోలు. కానీ మనవరాలు నవ్వుతూ కంపెనీ మార్చేస్తుంటే నాకు వాము మీద నిలబడి, అల్లుడి పరువు తగ్గకూడదని గొంతు చించుకుంటున్న నాన్నే కనిపించాడు. పేపరు చాటునున్న మా ఆయనకూ ఆయనే కనిపించి ఉంటాడు. చాలాసేపటి దాకా ఆయన పేజీ తిప్పలేదు.