గుమ్మం దాటిన జెబమలర్

బోడినాయకనూరు యాలకుల మండీలో కాయలు ఏరే ఆడవాళ్లలో జెబమలర్ అంత నోటిదురుసు మనిషి ఇంకొకరు లేరు. మదురైలో ఒక పెద్దాసుపత్రిలో, కాలిన పిల్లల వార్డులో, ఇరవై రెండేళ్లు ఆయాగా చేసి వచ్చింది. డాక్టర్లనే నిలదీసి అడిగిన మనిషికి మండీ మేస్త్రీ ఒక లెక్కా?

పోయిన వేసవిలో పక్కింటి పొన్నమ్మాళ్ మనవడు, మూడేళ్ల శబరి, వేడి పాలు మీద పోసుకున్నాడు. మోచేతి దగ్గర అరచెయ్యంత కాలింది. జెబమలరే ఆ చేతిని చాలాసేపు కుళాయి కింద పెట్టించి, ఆసుపత్రికి పంపి కట్టు కట్టించింది. మూడో రోజు మధ్యాహ్నం మండీ నుంచి వస్తుంటే ఆ ఇంటి గుమ్మానికి వేపమండలు కనిపించాయి.

"లోపలికి రావొద్దు మలరూ," అంది పొన్నమ్మాళ్ అడ్డంగా నిలబడి. "బిడ్డకు అమ్మ వచ్చిండాది. జొరం, వొళ్లంతా ఎరుపు. బయటోళ్లు దాటకూడదు."

అమ్మవారు వచ్చిన ఇంట్లోకి పరాయి మనిషి వెళ్లదు, మందూ వెళ్లదు. అందులోనూ జెబమలర్ చర్చికి వెళ్లే మనిషి. పిల్లవాడికి ఏమైనా అయితే వీధంతా ఆమెనే అంటుంది. అది తెలిసే ఆమె భయపడింది.

"పొక్కులు ఉండాయా అక్కా?"

"ఇంకా లేవు. తెల్లారినుంచి వాంతి, బేది. పుండు మాత్రం సుద్దంగా ఉండాది."

"ఉచ్చ పోసినాడా?"

పొన్నమ్మాళ్ తడబడింది. "పొద్దున్నుంచి లే. పండుకోనే ఉండాడు."

జెబమలర్‌కు వార్డులో కిటికీ పక్క మంచం గుర్తొచ్చింది. దాని మీది పాపకూ పుండు శుభ్రంగానే ఉండేది, అందరూ ధైర్యంగానే ఉన్నారు. చిన్న గాయంలో చేరిన క్రిముల విషం రక్తంలోకి దిగిందని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. ఆ మంచం మీది దుప్పటి మార్చింది జెబమలరే.

ఆమె పొన్నమ్మాళ్ చెయ్యి తప్పించి గుమ్మం దాటింది. పిల్లవాడి ఒళ్లు కాలిపోతోంది, పాదాలు మాత్రం చల్లగా ఉన్నాయి. పిలిస్తే కళ్లు తెరవలేదు.

"ఇది అమ్మ కాదు అక్కా, కాలిన పుండు విషం. నాది తప్పైతే వీధిలో నిలబెట్టి కొట్టండి. ఇప్పుడు బిడ్డనెత్తు." పొన్నమ్మాళ్ కదలలేదు. జెబమలర్ గుమ్మం మీది వేపమండ ఒకటి తుంచి ఆమె చేతిలో పెట్టింది. "అమ్మను కూడా తోడు తీసుకోని రా."

ఆసుపత్రిలో డాక్టరు అడగకముందే, "మూడు దినాల కింద కాలిన బిడ్డ సార్," అని చెప్పింది. ఆ ఒక్క మాట విని వాళ్లు క్షణం ఆగలేదు, సెలైనూ మందులూ ఎక్కించారు. ఐదు రోజులు పిల్లవాడు ఉంటాడో లేదో తెలియలేదు. ఆరో రోజు ఇడ్లీ అడిగాడు. అప్పుడు వరండాలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది పొన్నమ్మాళ్ కాదు, ఆ నోటిదురుసు జెబమలర్.

ఆ వీధిలో ఇప్పటికీ వేపమండలు కడుతూనే ఉన్నారు. కట్టేముందు జెబమలర్‌ను లోపలికి పిలుస్తారు. పిలవడానికి వచ్చేది పొన్నమ్మాళే.